తెల్లవారుజామున తప్పే లెక్క

పిల్లలూ! ఎండలు ముదిరాయి; మామిడికాయలూ ముదిరాయి. అంచేత ఈ నెల మన శీర్షికను ఒక మామిడికాయతోనే మొదలుపెడదాం.

నూజివీడు పేరు వినగానే ఎవరికైనా రసాలు గుర్తుకువస్తాయి. చిన్న రసం, పెద్ద రసం, బంగినపల్లి, కలెక్టరు అని అందరూ పిలిచే తోతాపురి – ఇవన్నీ ఆ చుట్టుపక్కల తోటల్లో విరివిగా కాస్తాయి. ఇదివరకు కృష్ణా జిల్లాలో ఉండిన ఆ ఊరు 2022 నుంచి ఏలూరు జిల్లాలో చేరింది. జిల్లా మారింది గాని పండు రుచి మారలేదు! ఆ ఊళ్లోనే 2008లో ట్రిపుల్ ఐటీ పెట్టారు. పల్లెటూరి పిల్లలు పదో తరగతి కాగానే అక్కడ చేరి ఆరేళ్లు చదువుకుంటారు. అంచేత ఆ తోటల మధ్య ఇప్పుడు కంప్యూటరు మాట వింత కాదు.

అక్కడికి దగ్గరలో ఒక పల్లె. ఆ పల్లెలో ఒక తాతయ్యకు మామిడితోట ఉన్నది. ఆయనకొక మనవరాలూ, ఒక మనవడూ. మనవరాలు కంప్యూటరు చదువు చదువుతున్నది. మనవడు ఏడో తరగతి. వేసవి సెలవులకు ఇద్దరూ తాతయ్య దగ్గరికి వచ్చారు. ఈ మనుషులను నేను కల్పించాను గాని, చెప్పబోయే లెక్కలు మటుకు నిజమైనవి. మీరే కాగితం మీద చేసి చూసుకోవచ్చు.

ఒకనాడు పొద్దున్నే మనవడు తోటలోంచి ఒక బంగినపల్లి కాయ తెచ్చి, "తాతయ్యా, ఇది ముదిరిందా?" అని అడిగాడు.

"తొడిమ దగ్గర భుజాలు చూడు. నిండుగా పైకి లేచాయి. ముదిరిన కాయే. నమ్మకం లేకపోతే నీళ్లలో వేసి చూడు. ముదిరినది మునుగుతుంది, లేతది తేలుతుంది," అన్నాడు తాతయ్య.

మనవడు దాన్ని బావి దగ్గర తొట్టిలో వేశాడు. కాయ బుడుంగున మునిగింది. వాడు సంబరపడి, అమ్మమ్మకు కూడా చూపించాలని, వంటింటి వెనక ఉన్న గంగాళంలో అదే కాయను వేశాడు. అక్కడ అది హాయిగా తేలింది!

"ఇదేమిటి? బావి దగ్గర ముదురుకాయ ఇక్కడికి వచ్చేసరికి లేతకాయ అయిపోయిందా?" అన్నాడు వాడు తెల్లబోయి.

అమ్మమ్మ నవ్వి, "కాయలు ఊరవెయ్యటానికని రాత్రే దానిలో ఉప్పు కలిపానురా!" అన్నది.

ముదిరిన మామిడికాయ, అంతే చోటు పట్టే మంచినీటికన్నా రవంత బరువుగా ఉంటుంది. నీళ్లు నూరు పాళ్లయితే కాయ నూట ఒకటో, నూట రెండో పాళ్లు. అంచేత మునుగుతుంది. ఉప్పు కరిగిన నీళ్లు మంచినీళ్లకన్నా బరువు. ఆ నీళ్లు కాయకన్నా బరువెక్కితే కాయ తేలిపోతుంది. మీరూ చేసి చూడండి. ఒక గిన్నెలో లీటరు మంచినీళ్లు, మరొక గిన్నెలో లీటరు నీళ్లకు నాలుగు పెద్ద చెంచాల ఉప్పు. మొదటి గిన్నెలో మునిగే కాయను ఏరుకొని, రెండో గిన్నెలో వెయ్యండి. గిన్నెలు లోతుగా ఉండాలి సుమా!

కాయ అదే, పరీక్ష అదే. పరీక్ష పెట్టిన చోటు వేరు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో దీనితో పని పడుతుంది.

మనవరాలు ఆ సెలవుల్లో తాతయ్య కోసం ఒక ప్రోగ్రాము రాస్తున్నది. మామిడికి శత్రువులు చాలా. పూత మీద తేనెమంచు పురుగు, కాయ మీద పండు ఈగ. వాటికి మందు కొడతారు. మందు కొట్టిన తరవాత కొన్ని రోజులదాకా కాయ కోయకూడదు. ఎన్ని రోజులు ఆగాలో మందు డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ గడువు లోపల కోస్తే తినేవాళ్ల కడుపులోకి మందు కూడా పోతుంది. తాతయ్య తోట నాలుగు చెక్కలు. ఒక్కొక్క చెక్కలో ఒక్కొక్కనాడు మందు కొడతారు. ఏ చెక్కకు ఎప్పుడు కొట్టారో ఆయన తలుపు మీద సుద్దముక్కతో గీతలు గీసుకునేవాడు. ఒకనాడు అమ్మమ్మ తలుపు తుడిచేసింది. దానితో లెక్క కాస్తా పోయింది!

అందుకే మనవరాలు పూనుకున్నది. తాతయ్య తన ఫోనులో "ఇప్పుడు మందు కొట్టాను" అనే మీట నొక్కితే చాలు. ప్రోగ్రాము ఆ తేదీ రాసుకుంటుంది. తరవాత ఎప్పుడు అడిగినా, "ఇంకా ఇన్ని రోజులు ఆగాలి" అనో, "ఇక కోయవచ్చు" అనో చెబుతుంది. అయితే ప్రోగ్రాము ఉండేది ఫోనులో కాదు. ఎక్కడో దూరదేశంలో, పగలూ రాత్రీ నడిచే ఒక పెద్ద కంప్యూటరులో ఉంటుంది. ఫోను దానికి కబురు పంపుతుంది, జవాబు తెచ్చి చూపుతుంది.

ప్రోగ్రాము రాయగానే పని అయిపోదు. దానిలో చిన్న చిన్న ముక్కలు ఎన్నో ఉంటాయి. ఆ ముక్కలన్నీ చేర్చి నడిచే రూపానికి తేవటాన్ని "బిల్డ్" అంటారు. ప్రతి ముక్కా తన పని సరిగా చేస్తున్నదా అని విడివిడిగా పెట్టే చిన్న పరీక్షను "యూనిట్ టెస్టు" అంటారు. బండి కట్టేముందు వడ్రంగి ఒక్కొక్క ఆకునూ తట్టి చూసినట్టే ఇదీను. ఒక్క పరీక్ష తప్పినా బిల్డ్ ఆగిపోతుంది. పనికిరాని ప్రోగ్రాము జనం చేతికి పోకుండా అదొక కాపలా.

మనవరాలు రాసిన పరీక్షల్లో మూడు ఇవి:

ఒకటి: ఏప్రిల్ 10న మందు కొట్టి, గడువు 15 రోజులయితే, ఏప్రిల్ 25న అడిగినప్పుడు "కోయవచ్చు" అనాలి.

రెండు: అదే లెక్కన ఏప్రిల్ 24న అడిగితే "ఇంకా ఒక్క రోజు ఆగాలి" అనాలి.

మూడు: ఇప్పుడే మీట నొక్కి, మరుక్షణమే "మందు కొట్టి ఎన్ని రోజులయింది?" అని అడిగితే "సున్నా" అనాలి.

ఆమె తన కంప్యూటరు మీద నడిపి చూసింది. మూడూ నెగ్గాయి. అప్పుడామె ప్రోగ్రామును దూరాన ఉన్న పెద్ద కంప్యూటరుకు పంపింది. అది కూడా పరీక్షలు నడిపి, "మూడోది తప్పింది. సున్నా రావలసిన చోట ఒకటి వచ్చింది," అని జవాబు పంపింది.

ఇప్పుడే కొట్టిన మందు నిన్న కొట్టినట్టు ఎలా అవుతుంది? మనవరాలు రాసినదంతా మళ్లీ చదివింది. తప్పేమీ కనపడలేదు. మొహం కడుక్కుని, కాఫీ తాగి వచ్చి, ఒక్క అక్షరం కూడా మార్చకుండా మళ్లీ పంపింది. ఈసారి పరీక్ష నెగ్గింది!

"ఆ కంప్యూటరుకేదో తిక్క ఉన్నట్టుంది. తప్పినప్పుడు మళ్లీ పంపితే సరిపోతుంది," అనుకున్నది ఆమె.

మర్నాడు కూడా అలాగే జరిగింది. రెండుసార్లు తప్పి, మూడోసారి నెగ్గింది. నాలుగు రోజులు ఇదే వరస. మనవరాలికి విసుగు పుట్టింది. "ఈ మూడో పరీక్షను తీసిపారేస్తాను. మా ఇంట్లో సరిగానే నడుస్తున్నది కదా!" అన్నది.

పక్కనే కూర్చుని మామిడి టెంక చీకుతున్న తమ్ముడు ఈ మాట విన్నాడు. "అక్కా, తొట్టిలో మునిగిన కాయ గంగాళంలో తేలింది కదా. నీ దూరపు గంగాళంలో ఏ ఉప్పు ఉన్నదో చూశావా?" అన్నాడు.

అక్క చెయ్యి ఆగిపోయింది. వాడన్నది నిజమే. ఇంట్లో నెగ్గిన పరీక్ష అక్కడ తప్పుతున్నదంటే, ఆ రెండు చోట్లకూ ఏదో తేడా ఉండాలి. ఆ తేడా ఏమిటో తెలుసుకోకుండా పరీక్షను తీసెయ్యటమంటే, ఇల్లు కాలుతుంటే మొరిగే కుక్కను తరిమెయ్యటమే.

"అయితే నువ్వు నాకు సాయం చెయ్యి. ఎప్పుడు పంపానో, తప్పిందో నెగ్గిందో, పక్కపక్కన రాస్తూ ఉండు," అన్నది.

తమ్ముడు నోటుపుస్తకం తీసి గళ్లు గీశాడు. పంపినప్పటి గంటలు కంప్యూటరులోనే నమోదయి ఉంటాయి గనక, జరిగిపోయిన రోజులవి కూడా దొరికాయి. వాడు రాసిన పట్టిక ఇది:

మొదటి రోజు: తెల్లవారుజామున 4–50, తప్పు. ఉదయం 6–10, ఒప్పు.

రెండో రోజు: 5–05, తప్పు. 5–20, తప్పు. 5–40, ఒప్పు.

మూడో రోజు: 5–15, తప్పు. ఉదయం 9–00, ఒప్పు.

నాలుగో రోజు: 5–25, తప్పు. మధ్యాహ్నం 2–00, ఒప్పు. రాత్రి 11–30, ఒప్పు.

అయిదో రోజు: అర్ధరాత్రి దాటాక 12–15, తప్పు.

పిల్లలూ, ఇక్కడ పత్రిక మూసి ఒక్క నిమిషం ఆలోచించండి. తప్పులన్నీ ఏ వేళకూ ఏ వేళకూ మధ్య ఉన్నాయి?

కనుక్కున్నారా? తమ్ముడు కూడా కనుక్కున్నాడు. "అక్కా! అర్ధరాత్రి మొదలు అయిదున్నరదాకా ఎప్పుడు పంపినా తప్పే. అయిదున్నర దాటితే ఎప్పుడూ తప్పటం లేదు!" అని కేకపెట్టాడు.

అయిదున్నర అనే మాట వినగానే అక్క తల మీద మొట్టుకుని, "ఎంత పొరపాటు! అది గ్రీనిచ్ గడియారం!" అన్నది.

ఆమెకు తట్టినది ఏమిటో చెబుతాను. భూమి తన చుట్టూ తాను తిరగటానికి 24 గంటలు పడుతుంది. భూమి చుట్టుకొలత 360 డిగ్రీలు. కనక గంటకు 15 డిగ్రీలు. ఇంగ్లండులోని గ్రీనిచ్ మీదుగా పోయే రేఖను సున్నా అనుకుంటారు. మన దేశపు గడియారాలన్నిటికీ ఆధారమైన రేఖ దానికి తూర్పుగా 82½ డిగ్రీల దూరంలో ఉన్నది. ఆ రేఖ మన కాకినాడకు చేరువగా పోతుంది. 82½ను 15 చేత భాగించండి. అయిదున్నర వస్తుంది. అంటే మన గడియారం గ్రీనిచ్ గడియారంకన్నా అయిదున్నర గంటలు ముందు నడుస్తుంది.

లోకమంతటికీ ఉమ్మడిగా ఉండే కాలాన్ని ఇప్పుడు యు.టి.సి. అంటారు. అది గ్రీనిచ్ రేఖ నుంచి లెక్క. అనేక దేశాలవారికి పనిచేసే పెద్ద కంప్యూటర్లను సాధారణంగా ఈ ఉమ్మడి కాలానికే దిద్ది ఉంచుతారు. నూజివీడులో ఏప్రిల్ 10 తెల్లవారుజామున అయిదయినప్పుడు, ఆ కంప్యూటరు లెక్కన ఏప్రిల్ 9 రాత్రి పదకొండున్నరే. ఇక్కడ కోడి కూసే వేళకు అక్కడింకా నిన్నటి తేదీ పోలేదన్న మాట!

మనవరాలి ప్రోగ్రాములో రెండు ముక్కలున్నాయి. మీట నొక్కగానే తేదీ రాసుకునే ముక్క, "ఇవాళ తేదీ ఎంత?" అని తానున్న కంప్యూటరును అడుగుతుంది. రోజులు లెక్కపెట్టే ముక్క మటుకు నూజివీడు తేదీ చూసుకుంటుంది. ఇంట్లో ఉన్న కంప్యూటరుది కూడా నూజివీడు గడియారమే కనక, రెండు తేదీలూ ఎప్పుడూ ఒకటే. పెద్ద కంప్యూటరు మీద అయిదున్నరదాకా అవి వేరువేరు. అంచేత ఇప్పుడే రాసిన తేదీ నిన్నటిదయి కూర్చున్నది. అయిదున్నర కాగానే అక్కడా తేదీ మారుతుంది, పరీక్ష నెగ్గుతుంది.

ఇదంతా విని తాతయ్య, "ఒక్క అంకె తేడాకు ఇంత హైరానా ఎందుకు తల్లీ? అయిదున్నర తరవాత సరిపోతున్నదిగా, పోనిద్దూ," అన్నాడు.

మనవరాలు కాగితం తీసి ఆయన ముందు లెక్క వేసింది.

"తాతయ్యా, నువ్వు మందు ఎప్పుడు కొట్టిస్తావు?"

"ఎండ ఎక్కకముందే. గాలి కూడా ఉండకూడదు. కూలీలు అయిదింటికల్లా వచ్చేస్తారు."

"అంటే మీట అయిదింటికే నొక్కుతావు. ఏప్రిల్ 10న నొక్కావనుకో. ప్రోగ్రాము 9 అని రాసుకుంటుంది. గడువు 15 రోజులు. 24వ తేదీ పది గంటలకు నువ్వు అడిగితే, అది 9 నుంచి లెక్కపెట్టి, 'పదిహేను రోజులయ్యాయి, కోయవచ్చు,' అంటుంది. నిజానికి అయినవి పద్నాలుగే!"

తాతయ్య కాసేపు మాట్లాడలేదు. తరవాత, "నేను కోయించిన కాయ నున్న మార్కెట్టుకు పోతుంది. అక్కడినుంచి ఏ ఊరికి పోతుందో, ఏ పసివాడి చేతికి పోతుందో నాకు తెలియదు. అది సరిగా చెయ్యి తల్లీ. దానికి ఎన్ని రోజులు పట్టినా సరే, అందాకా నేను సుద్దముక్కతో గీసుకుంటాను," అన్నాడు.

చూశారా! విసుగు పుట్టించిన ఆ మూడో పరీక్షే నిజం చెప్పింది. మళ్లీ మళ్లీ పంపి, నెగ్గినప్పుడు "హమ్మయ్య" అనుకుని ఊరుకుంటే, ఆ తప్పు తాతయ్య తోటదాకా వచ్చేది.

ఇక మనవరాలు ఏం చేసిందో వినండి. మొట్టమొదట ఆమె ప్రోగ్రామును ముట్టుకోలేదు. తన కంప్యూటరును గ్రీనిచ్ కాలానికి మార్చి, తెల్లవారుజామున అయిదింటికి పరీక్ష నడిపింది. ఇన్నాళ్లూ ఇంట్లో నెగ్గుతూ వచ్చిన పరీక్ష ఆ రోజు ఇంట్లోనే తప్పింది! అంటే దొంగ చేతికి చిక్కాడు. తప్పును కావాలన్నప్పుడల్లా రప్పించగలిగితేనే, అది పోయిందో లేదో కూడా చెప్పగలం. ఒకేసారి నాలుగు సంగతులు మారిస్తే ఏది కారణమో తెలియదు. అందుకే ఆమె గడియారం ఒక్కటే మార్చి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచింది.

తరవాత తేదీ రాసుకునే ముక్కను దిద్దింది. "ఇవాళ తేదీ ఎంత?" అని ఊరికే అడగకుండా, "నూజివీడులో ఇవాళ తేదీ ఎంత?" అని అడిగేటట్టు చేసింది. ఇప్పుడా కంప్యూటరు ఏ దేశంలో ఉన్నా, దాని గడియారాన్ని ఎవరు ఎలా దిద్దినా జవాబు ఒకటే.

మూడో పని అన్నిటికన్నా తెలివైనది. మీ బళ్లో గంటలు నేర్పేటప్పుడు మాస్టారు అట్ట గడియారం తెస్తారు కదా. గోడ మీది గడియారంలో పదకొండయినా, అట్ట గడియారంలో ముళ్లు తిప్పి, "ఇప్పుడు ఎంతయింది?" అని అడుగుతారు. మనవరాలు తన ప్రోగ్రాముకు అటువంటి అట్ట గడియారం ఒకటి తయారుచేసింది. మామూలుగా నడిచేటప్పుడు ప్రోగ్రాముకు నిజమైన గడియారం ఇస్తుంది. పరీక్షప్పుడు మటుకు అట్ట గడియారం ఇచ్చి, "ఇప్పుడు 4–50 అనుకో, ఇప్పుడు 5–29, ఇప్పుడు 5–30, ఇప్పుడు రాత్రి 11–59," అని వరసగా అడుగుతుంది. ఇక తెల్లవారుజామున జరిగే తప్పును పట్టటానికి తెల్లవారుజామున లేవనక్కరలేదు. మిట్టమధ్యాహ్నం కూడా పట్టుకోవచ్చు!

చివరకు ఆమె మరొక ఏర్పాటు చేసింది. ఇకమీదట ప్రతి బిల్డులోనూ పరీక్షలను రెండుసార్లు నడపాలి: ఒకసారి మన గడియారంతో, మరొకసారి గ్రీనిచ్ గడియారంతో. తొట్టిలోనూ వేసి చూడాలి, గంగాళంలోనూ వేసి చూడాలి అన్న మాట.

ప్రోగ్రాములకు తెలియకుండా కలిసే "ఉప్పు" గడియారం ఒక్కటే కాదు. ఫైళ్ల వరస ఒకటి. తోటలోని రకాల పేర్లు తలకొక ఫైలులో ఉంటే, "అన్నీ చెప్పు" అనగానే ఒక కంప్యూటరు బంగినపల్లిని ముందు చెప్పవచ్చు, మరొకటి రసాన్ని ముందు చెప్పవచ్చు. "మొదటిది బంగినపల్లి అయి తీరాలి," అని పరీక్ష రాస్తే అది ఒకచోట నెగ్గి ఒకచోట తప్పుతుంది. ఇక్కడ వరసతో మనకు పని లేకపోతే తప్పు ప్రోగ్రాముది కాదు, పరీక్షదే. వరసతో పని ఉంటే మనమే అక్షరక్రమంలో పేర్చుకోవాలి. ముందు జరిగిన పరీక్ష వదిలిపోయిన చెత్త మరొకటి. రాత్రి ఉప్పు కలిపిన గంగాళాన్ని కడగకుండా పొద్దున వాడినట్టే, ఒక పరీక్ష మిగిల్చిన ఫైలు తరవాతి పరీక్షను చెడగొడుతుంది. ఏ పరీక్షకు ఆ పరీక్ష శుభ్రమైన గిన్నెతో మొదలుపెట్టాలి.

చోటు మారితే ఎంత చిక్కు వస్తుందో లోకమంతటికీ తెలియజెప్పిన అక్షరం మన తెలుగులోనే ఉన్నది. 2018 ఫిబ్రవరిలో, ఐఓఎస్ 11.2.5 అనే ప్రోగ్రాముతో నడుస్తున్న ఐఫోన్లలో ఒక వింత బయటపడింది. "జ్ఞా" అనే అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు చేరిన రూపంలో, సందేశంలో వచ్చిందంటే చాలు, అది తెర మీదికి రాగానే ఆ యాప్ ఠక్కున ఆగిపోయేది. వేరే రకం ఫోన్లలో అదే అక్షరం నిక్షేపంగా కనపడేది. అక్షరంలో దోషం లేదు. దాన్ని తెర మీద పేర్చి చూపే ప్రోగ్రాములో ఉన్నది దోషం. ఆపిల్ కంపెనీ ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. ఇంగ్లీషు అక్షరాలతో ఎన్ని పరీక్షలు పెట్టినా ఇటువంటి తప్పు చేతికి చిక్కదు. తెలుగు చదివే పిల్లలు కూడా వాడే వస్తువును తెలుగుతోనూ పరీక్షించాలి.

ఈ చిక్కులన్నీ తప్పించుకోవటానికి ఇంజనీర్లు ఒక ఉపాయం చేశారు. ప్రోగ్రాముకు కావలసిన సరంజామా అంతా ఒక పెట్టెలో సర్ది, ఎక్కడికి పోయినా ఆ పెట్టెతోనే పంపుతారు. 2013లో వచ్చిన డాకర్ అటువంటి సాధనమే. ప్రయాణానికి మంచినీళ్ల కూజా వెంట తీసుకుపోయినట్టన్న మాట. మంచి ఉపాయమే. కాని ఎప్పుడూ మన కూజా నీళ్లే తాగుతూ ఉంటే, ఊరి నీళ్లు ఎలా ఉన్నాయో మనకు తెలియనే తెలియదు. అంచేత పెట్టె ఉన్నా సరే, అప్పుడప్పుడు బయట కూడా పరీక్షించటం మంచిది.

ఒక్కొక్కప్పుడు ఒక పరీక్ష కొన్ని చోట్ల నడవటం నిజంగానే అసాధ్యం కావచ్చు. అచ్చుయంత్రం లేని చోట అచ్చు పరీక్ష ఎలా నడుస్తుంది? అప్పుడు దాన్ని అక్కడ ఆపవచ్చు. కాని ఊరికే ఆపకూడదు. "ఇది ఫలానా చోట నడపటం లేదు, కారణం ఇదీ," అని అందరికీ కనపడేటట్టు రాసిపెట్టాలి. మామిడి చెట్టు కొమ్మ కొట్టేసినా పరవాలేదు. ఎందుకు కొట్టామో మరిచిపోతేనే ప్రమాదం.

పెద్దలకు కూడా ఒక మాట. ఇంట్లో గడగడ చదివే పిల్లవాడు బళ్లో నల్లబల్ల మీది అక్షరాలు తప్పు చదువుతుంటే, వాణ్ణి కోప్పడేముందు వాడు ఏ బెంచీ మీద కూర్చుంటున్నాడో అడగండి. వెనక బెంచీ నుంచి అక్షరాలు మసకగా కనపడుతున్నాయేమో! వాడికి కావలసినది చీవాట్లు కాక, కళ్లజోడు కావచ్చు.

మన తాతయ్య కథ ఏమయిందంటారా? కొత్త ప్రోగ్రాము సిద్ధమైన నాడు ఆయన తెల్లవారుజామున అయిదింటికి మీట నొక్కాడు. నొక్కి, "ఎన్ని రోజులయింది?" అని అడిగాడు. "సున్నా" అని జవాబు వచ్చింది. అయినా ఆయన సుద్దముక్క తీసి తలుపు మీద ఒక గీత కూడా గీశాడు. "రెండు లెక్కలూ కలుస్తున్నాయో లేదో ఈ ఏడాదంతా చూస్తాను," అన్నాడు.

మనవరాలికి కోపం రాలేదు. "అది నాలుగో పరీక్ష తాతయ్యా!" అన్నది. అమ్మమ్మను మటుకు ఆ తలుపు తుడవవద్దన్నారు.

ఇక మీకు రెండు ప్రశ్నలు.

ఒకటి: నూజివీడులో జనవరి 1 తెల్లవారుజామున 5–20 అయింది. గ్రీనిచ్ లెక్కన అప్పుడు ఎన్ని గంటలు, ఏ నెల, ఏ తేదీ? అక్కడ సంవత్సరం మారిందా?

రెండు: నేపాలు గడియారం మనకన్నా 15 నిమిషాలు ముందు. మనవరాలి పాత ప్రోగ్రామును కాఠ్మండులోని ఒక తోటకు, నేపాలు తేదీతో వాడారనుకోండి. అక్కడి గడియారం ప్రకారం ఏ వేళనుంచి ఏ వేళదాకా మూడో పరీక్ష తప్పుతుంది?

జవాబులు కాగితం మీద లెక్క వేసి దాచుకోండి. వచ్చే నెల సరిచూసుకుందాం.